తాడితోట గుడ్డ, ఊళ్ళో మాస్టారు: ఆఫీసుకీ పెళ్ళికీ తీరిక పూటకీ ఒకే జత నడుస్తుందా?

గోదావరి జిల్లాల్లో మగవాళ్ళ బీరువా తెరిస్తే సాధారణంగా రెండే అరలు. ఒకదాంట్లో అట్టముక్క తీయని ఫార్మల్ చొక్కాలు, రిసెప్షన్‌కి ఒక్కసారి వేసి కవర్లో పెట్టేసిన కోటు. రెండోదాంట్లో జీన్సు, టీషర్టులు, లుంగీలు. మనిషికి ఎక్కువగా వచ్చే రోజులు మాత్రం ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. పొద్దున అమలాపురం బ్యాంకులో పని చూసుకుని అటునుంచి అటే గృహప్రవేశం భోజనానికి వెళ్ళాలి. మధ్యాహ్నం దాకా కాలేజీలో పాఠం చెప్పి సాయంత్రం భీమవరంలో రిసెప్షన్‌కి అందుకోవాలి. ఇంటికొచ్చి బట్టలు మార్చుకునే వ్యవధి ఉండదు. వేసుకున్న జతనే అటూ ఇటూ తిప్పుకోవాలి.

రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ మార్కెట్లోనూ ద్వారపూడి దుకాణాల్లోనూ గుడ్డ కొని, దాన్ని ఊళ్ళో టైలరు మాస్టారి దగ్గర కుట్టించుకోవడం ఈ అవసరానికి ఎంతవరకు పనికొస్తుందన్నది ఇక్కడి సమీక్ష. రెడీమేడ్ కోటు, పంచె, బండి మీద ఇస్త్రీ కూడా ఇందులో భాగమే. తీర్పు ముందే చెప్పేస్తాం. చొక్కా, ప్యాంటు కుట్టించుకోండి. కోటు రెడీమేడ్ కొని సరిచేయించుకోండి. పంచె అయితే అంటించుకునే రకం వద్దు, కట్టుకునేదే తీసుకోండి. కారణాలు చొక్కా దగ్గర మొదలవుతాయి, ఎందుకంటే సగం పని చొక్కాదే.

చొక్కా

మనం ఒక చొక్కాని ఫార్మల్ అనో క్యాజువల్ అనో అనుకునేది రంగు చూసి కాదు. కాలరు ఎంత నిలబడింది, కింది అంచు ఎక్కడ ఆగింది అన్న రెండే చూస్తుంది కన్ను. ఈ రెండూ మాస్టారి కత్తెర దగ్గర తేలిపోతాయి. రెడీమేడ్‌లో కంపెనీవాళ్ళు ఏదో ఒక వైపుకి ముందే నిర్ణయించి కోసేస్తారు. టక్ చేసేవాటికి అంచు పొడుగ్గా, లోతైన వంపుతో ఉంటుంది. బయటికి వదిలితే లాల్చీలా వేలాడుతుంది. వదిలేసేవాటికి అంచు పొట్టిగా తిన్నగా ఉంటుంది. టక్ చేస్తే రెండుసార్లు కూర్చుని లేచేసరికి బయటికొచ్చేస్తుంది.

కుట్టించడంలో లాభం ఇక్కడే ఉంది. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషికి టక్ చొక్కా పొడవు 30, 31 అంగుళాలు పెడతారు. వదిలేసే చొక్కాకి 27న్నర, 28. రెండింటికీ పనికిరావాలంటే 29 పెట్టించండి. అంచు వంపు లోతు అంగుళంన్నర దాటకూడదు. పక్క కుట్టు చివర చిన్న త్రికోణం గుడ్డ వేయిస్తే చిరగదు, వదిలేసినప్పుడు అందంగానూ ఉంటుంది. 29 అంగుళాల చొక్కా నడుములో నిలవదని చాలామంది మాస్టార్లు వాదిస్తారు. చంక సరిగ్గా కోస్తే నిలుస్తుంది. చేయి ఎత్తగానే టక్ ఊడిపోవడానికి చాలాసార్లు అసలు కారణం చంక మరీ కిందికి దింపి కోయడమే. చంక కింద ఉంటే చేయి లేచినప్పుడల్లా చొక్కా మొత్తం పైకి లాగుతుంది. చంక బిగుతుగా కాకుండా, పైకి ఉంటే చేయి మాత్రమే కదులుతుంది, ఒళ్ళు కదలదు. మాస్టారితో ఇలా చెప్పండి: "మాస్టారూ, చంక అర అంగుళం పైకి కోయండి. ఛాతీ వదులు మాత్రం తగ్గించొద్దండి." ఛాతీ 38 ఉన్నవాళ్ళకి తయారైన చొక్కా 43 ఉండాలి. మన ఉక్కకి అయిదు అంగుళాల వదులు లేకపోతే మధ్యాహ్నానికి గుడ్డ వీపుకి అంటుకుపోతుంది.

కాలరు సంగతి కాస్త వివరంగా చూడాలి. మెడ కొలతకి అర అంగుళం కలిపి కోయించండి, గుండీ పెట్టాక రెండు వేళ్ళు దూరాలి. కాలరు పట్టీ ఎత్తు అంగుళంపావు, మొన పొడవు రెండుముప్పావు. మొనలు మరీ దగ్గరగానూ మరీ విడిగానూ కాకుండా మధ్యరకంగా ఉంటే టై కట్టినా, పై గుండీ విప్పినా బాగుంటుంది. మొనల కింద సన్నటి సంచీ కుట్టించి అందులో తీసిపెట్టుకునే ప్లాస్టిక్ పుల్లలు వేయించండి. పుల్లలుంటే మొన కత్తిలా నిలబడి ఫార్మల్ అవుతుంది. తీసేస్తే మెత్తబడి తీరిక పూట చొక్కా అయిపోతుంది. ఒకే చొక్కాని రెండు సభలకి తిప్పే కీలకం ఈ రెండు పుల్లలే. ఉతికేటప్పుడు, ఇస్త్రీకి ఇచ్చేటప్పుడు తప్పకుండా తీయాలి. పుల్ల లోపల ఉండగా ఇస్త్రీ పెట్టె రుద్దితే మొన మీద దాని ముద్ర పడిపోతుంది. ఆ గుర్తు ఇక పోదు.

కాలరు బిగువుగా నిలవడానికి లోపల వేసే గట్టి గుడ్డ, అంటే బకరం దగ్గరే టైలరు పని బయటపడుతుంది. ఆరు ఉతుకులకి కాలరు మీద పొక్కులు లేచాయంటే రెండు కారణాలు. అతికించే బకరాన్ని తగినంత వేడి, తగినంత ఒత్తిడి లేకుండా మామూలు ఇస్త్రీ పెట్టెతో అతికించి ఉంటారు. లేదా గుడ్డ ముడుచుకుని బకరం ముడుచుకోలేదు. అతికించే మిషన్ ఉన్న టైలరు దగ్గర మొదటి సమస్య ఉండదు. అది లేని చోట నూలు బకరం తడిపి ఆరబెట్టి కుట్టమనండి. కాస్త మెత్తగా ఉంటుంది, పొక్కులు మాత్రం రావు.

కాలరు గుండీకీ దాని కింది గుండీకీ మధ్య దూరం చాలామంది పట్టించుకోరు. అది రెండున్నర, రెండుముప్పావు అంగుళాలుంటే పై గుండీ విప్పినప్పుడు మెడ కనిపిస్తుంది, ఛాతీ కనిపించదు. మూడున్నర ఉంటే ఒక గుండీ విప్పగానే పెద్దల ముందు కూర్చోవడానికి ఇబ్బంది. మిగతా గుండీల మధ్య మూడున్నర పెట్టినా నష్టం లేదు.

జేబు తీయించేయమని ఫ్యాషన్ తెలిసినవాళ్ళు చెబుతారు. మన దగ్గర అక్కర్లేదు. ఇక్కడి ఆఫీసుల్లో జేబు లేని చొక్కానే వింతగా చూస్తారు. పైన మూత లేకుండా, గళ్ళుంటే గళ్ళు కలిసేలా కుట్టిస్తే చాలు. గుండీలు గుడ్డ రంగులోనే ఉండాలి. లేతనీలం చొక్కాకి నల్ల గుండీలు, ఎర్ర దారంతో కాజాలు వేయించారంటే ఆ చొక్కా ఇక ఇంటర్వ్యూకి పనికిరాదు.

గుడ్డ ఎంచేటప్పుడు

తాడితోటలో గొప్ప సౌకర్యం ఏమిటంటే ఒకే చోట లినెన్, కాటన్, రెండూ కలిసినవి, సింథటిక్ అన్నీ తాన్లు విప్పి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇబ్బంది కూడా అదే. లైటు వెలుతురులో లేతనీలం తెల్లగా, బిస్కెట్ రంగు బూడిదగా కనిపిస్తుంది. తాను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడండి. హోల్‌సేల్ దుకాణం కాబట్టి కొన్ని చోట్ల ముక్క కోసి ఇవ్వరు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే ఆ సమస్య తీరుతుంది.

పన్నా, అంటే తాను వెడల్పు, అడగకుండా మీటర్లు చెప్పకండి. 58 అంగుళాల పన్నాకి ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి 1.6 మీటర్లు చాలు, ఒళ్ళున్నవాళ్ళకి 1.8. 36 అంగుళాల పన్నా అయితే 2.25 మీటర్లయినా కావాలి. ఆప్కో దుకాణంలోనో చేనేత సంఘంలోనో కొనే నేత గుడ్డకి పన్నా రకరకాలుగా ఉంటుంది కాబట్టి అక్కడే టేపు పెట్టి కొలిపించండి. ప్యాంటుకి 58 పన్నాలో 1.2, 1.3 మీటర్లు సరిపోతాయి.

లినెన్‌కి దుకాణదారు 60 లీ, 40 లీ అంటాడు. లీ అంకె పెరిగితే దారం సన్నం అవుతుందని అర్థం. 60 లీ చొక్కాలకి బాగుంటుంది. 25, 30 లీ మోటుగా ఉండి కోటుకో ప్యాంటుకో పనికొస్తుంది. స్వచ్ఛమైన లినెన్ ఉక్కలో ఒంటికి హాయి, కానీ మడత పడుతుంది. ద్విచక్ర వాహనం మీద కాకినాడ నుంచి రామచంద్రపురం వెళ్ళి దిగితే పొట్ట దగ్గర అడ్డంగా అయిదారు మడతలు ఖాయం. తీరిక పూటకి ఆ మడతలు అందమే. సమావేశానికి కాదు. అందుకే రెండు సభల చొక్కాకి మా మొదటి ఓటు కాటన్, లినెన్ కలిసిన గుడ్డకి. రెండోది సన్ననేత కాటన్‌కి. పాలియెస్టర్ ఎక్కువున్నది ఇస్త్రీ చెదరదు నిజమే, కానీ మే నెలలో అది వేసుకుని కల్యాణ మండపంలో గంట కూర్చోవడం శిక్ష.

గళ్ళు, చారలు కావాలంటే పావు అంగుళం కన్నా చిన్నవి చూడండి. నాలుగడుగుల దూరం నుంచి అవి సాదా గుడ్డలాగే ఉంటాయి, దగ్గరికొస్తే ముచ్చటగా కనిపిస్తాయి. గడి అంగుళం అయితే ఎంత ఖరీదైన గుడ్డయినా అది తీరిక పూట చొక్కానే.

కొన్న గుడ్డని తిన్నగా మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళకండి. కాటన్, లినెన్ రెండూ మొదటి ఉతుకుల్లో మూడు నుంచి అయిదు శాతం ముడుచుకునే గుడ్డలు. 29 అంగుళాల చొక్కాలో నాలుగు శాతం అంటే అంగుళం పైనే పోతుంది. మనం అంత ఆలోచించి పెట్టించుకున్న పొడవు కాస్తా 28కి దిగి, ఆ చొక్కా టక్‌కి పనికిరాకుండా పోతుంది. రాత్రి బకెట్లో మామూలు నీళ్ళు పోసి గుడ్డ మునిగేలా వదిలేయండి. పొద్దున పిండకుండా తీసి నీడలో దండెం మీద వెడల్పుగా ఆరేయండి. ఇంకా కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి, అప్పుడు ఇవ్వండి. "షాపులో తడిపే ఇచ్చారండి" అన్నా సరే, మళ్ళీ తడపండి. ఒక బకెట్ నీళ్ళ ఖర్చే కదా.

ప్యాంటు

మూడు రంగులు చాలు: మధ్యరకం బూడిద, ముదురు నీలం, బిస్కెట్. ఒకటే కొనాలంటే బూడిద. అది నీలం కోటు కిందా నప్పుతుంది, వదిలేసిన తెల్ల చొక్కా కిందా నప్పుతుంది. నలుపు ఫార్మల్ అనుకుని అందరూ నలుపు కొంటారు. కాలవగట్టు రోడ్ల దుమ్ము నలుపు మీద పడినంత స్పష్టంగా ఇంకే రంగు మీదా పడదు.

గుడ్డలో మెరుపు ఉండకూడదు. మెరిసే ప్యాంటు పెళ్ళికి తప్ప ఎక్కడికీ పనికిరాదు. పాలియెస్టర్, రేయాన్ కలిసిన టెర్రీ రేయాన్‌లో మెరుపు లేని నేత అడిగితే చూపిస్తారు. ఇస్త్రీ గీత రోజంతా నిలుస్తుంది, నీళ్ళు పడినా త్వరగా ఆరుతుంది. సాగే దారం కలిసిన కాటన్ వేసుకోవడానికి సుఖం, కానీ సాయంత్రానికి మోకాళ్ళు బుడిపెల్లా ఉబ్బుతాయి. అప్పుడు దానిమీద కోటు వేస్తే కింద ప్యాంటు వేరే మనిషిదిలా కనిపిస్తుంది. ఇక కాటన్ ప్యాంటుకి ఒక సుగుణం ఉంది. ముందు గీత పెట్టి ఇస్త్రీ చేస్తే ఆఫీసుకి, గీత లేకుండా చేస్తే తీరిక పూటకి. ఇస్త్రీ ఒక్కటే మారుతుంది.

కుట్టించేటప్పుడు క్రాస్ పాకెట్ పెట్టించండి. జీన్సు మాదిరి జేబులు, పైకి కనిపించే మందపాటి కుట్లు వద్దు. బాటం 14 నుంచి 15 అంగుళాలు. అంతకన్నా బిగిస్తే బూటు మీద గుడ్డ పేరుకుంటుంది, వదిలితే చెప్పుల మీద ఊడుస్తుంది. పొడవు కొలిచేటప్పుడు వేసుకునే బూట్లతోనే నిలబడండి, చాలామంది చెప్పులతో వెళ్ళి కొలతలిచ్చి తర్వాత బాధపడతారు. అంచు బూటు మీద ఆనీ ఆననట్టు ఉండాలి, మడత పడకూడదు. వెనక అర అంగుళం కిందికి వాలేలా కోస్తే ముందు మడత పడకుండానే మడమ కప్పుతుంది. ఇదే పొడవు లోఫర్లకీ, తోలు చెప్పులకీ కూడా సరిపోతుంది.

లోపలి మడతలో రెండు అంగుళాలు, వెనక నడుము కుట్టులో అంగుళంన్నర గుడ్డ వదలమని ముందే చెప్పండి. చెప్పకపోతే చాలా చోట్ల కత్తిరించి పారేస్తారు. సంక్రాంతి అరిసెలు, ఆ తర్వాత మాఘమాసం పెళ్ళిభోజనాలు అయ్యేసరికి నడుము అంగుళం పెరగడం మన వైపు మామూలే. లోపల గుడ్డ ఉంటే అరగంటలో విప్పి వదులు చేస్తారు, లేకపోతే ప్యాంటు దానం. బెల్టు లూపులు అంగుళంన్నర బెల్టు పట్టేలా ఉంటే సన్నటి ఆఫీసు బెల్టూ పడుతుంది, జీన్సు బెల్టూ పడుతుంది.

కోటు

ఇక్కడ ఊళ్ళో కుట్టించడం కన్నా రెడీమేడ్ మేలు. కోటుకి భుజం ప్రాణం. భుజాన్ని లోపల మెత్త వేసి, చేతిని గుండ్రంగా తిప్పి అతికించడం రోజూ కోట్లే కుట్టే చేతికి వచ్చే పని. ఏడాదికి రెండు కోట్లు కుట్టే చోట చేయి అతుకు దగ్గర ముడతలొస్తాయి. రెడీమేడ్‌లో వేసి చూసి కొనుక్కోవచ్చు. భుజం కుట్టు మీ భుజపుటెముక చివర ఆగితే తీసుకోండి, అంగుళం దాటితే ఎంత తగ్గింపు ఇచ్చినా వదిలేయండి. చేతి పొడవు తగ్గించొచ్చు, నడుము లోపలికి తీయించొచ్చు. భుజం మాత్రం సరిచేయడం దాదాపు కొత్త కోటు కుట్టినంత పని.

ముదురు నీలం, కాస్త గరుకు నేత, గుడ్డ రంగు గుండీలు, రెండు గుండీల కోటు. ఇదొక్కటుంటే మిగతావి అక్కర్లేదు. బంగారు రంగు గుండీలున్నది కొంటే ప్రతిసారీ అదే కోటని అందరూ గుర్తుపడతారు. లోపలి అస్తరు వెనక సగం వరకే ఉన్నది వెతకండి. నిండా పాలియెస్టర్ అస్తరు వేసిన కోటు సముద్రపు తేమ ఉన్న నరసాపురం, కాకినాడ వైపు డిసెంబరు, జనవరి దాటాక వేసుకోలేరు. సూటులోని కోటుని విడిగా ప్యాంటు మార్చి వేసుకోవడం మాత్రం వద్దు. నున్నగా మెరిసే ఆ గుడ్డకి జత లేదని చూడగానే తెలిసిపోతుంది. కోటు ఎక్కువసార్లు శుభ్రం చేయిస్తే ప్యాంటుతో రంగు కలవకుండా కూడా పోతుంది.

చొక్కా చేయి కోటు చేతి కింద అర అంగుళం కనిపించాలి. కింది గుండీ ఎప్పుడూ పెట్టకూడదు, కూర్చునేటప్పుడు రెండూ విప్పేయాలి.

బండి మీద వెళ్ళేటప్పుడు కోటు వేసుకుని వెళితే వీపు మడతలతో దిగుతారు. మడిచి పట్టుకెళ్ళే పద్ధతి ఇది. కోటుని మీ వైపు తిప్పి పట్టుకుని ఎడమ భుజాన్ని లోపలి వైపు పైకొచ్చేలా తిరగేయండి. కుడి భుజాన్ని ఆ తిరగేసిన భుజం గూట్లోకి దూర్చండి. ఇప్పుడు అస్తరు పైకి, అసలు గుడ్డ లోపలికి వస్తాయి. మెడ పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్ది, అడ్డంగా ఒక్క మడత పెట్టి సంచిలో పైన పెట్టుకోండి. మండపం దగ్గర విప్పి దులిపితే చాలు. దుమ్ము అస్తరుకే అంటుతుంది, మడత గట్టిగా పడదు.

వానాకాలంలో కోటుకి బూజు శత్రువు. దుకాణంవాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవర్లో తేమ చిక్కుకుపోయి కాలరు కింద తెల్లటి మచ్చలు మొదలవుతాయి. పాత కాటన్ పంచె ముక్కతో కవరు కుట్టించండి. కలరా ఉండలు గుడ్డకి తగలకుండా మూటకట్టి అరలో పెట్టండి. వాన తెరిపిచ్చిన రోజున నీడలో రెండు గంటలు వేలాడదీయండి.

పంచె దగ్గర మనవాళ్ళ తెలివి

ఒకే బట్టని రెండు మర్యాదలకి తిప్పడం మనకి కొత్త విద్య కాదు. అదే నాలుగు మీటర్ల తెల్ల పంచె అడ్డంగా చుట్టుకుంటే అరుగు మీద కబుర్లకి. కుచ్చిళ్ళు పోసి గోచీ దోపుకుంటే కన్యాదానం పీటల మీదకి. కండువా భుజం మీద నిలువు మడతలో ఉంటే సభ, మెడ చుట్టూ వేసుకుంటే పొలం. గుడ్డ ఒకటే, కట్టు మారితే మర్యాద మారుతుంది. కోటు, ప్యాంటు గురించి పైన చెప్పిన సూత్రం మన పెద్దలు పంచెతో ఎప్పుడో పాటించారు.

అంటించుకునే పంచె ఈ తిప్పుకునే గుణాన్నే చంపేస్తుంది. నడుము దగ్గర అంటుకునే పట్టీ, పక్కన జేబు, అర నిమిషంలో కట్టేసుకోవచ్చు, నిజమే. మొదటిసారి పంచె కట్టే కుర్రాడికి, పిల్లలకి అది మేలు. కానీ అది అడ్డకట్టుకి మాత్రమే. గోచీ పోయడానికి పొడవు చాలదు, కుచ్చిళ్ళు అచ్చం అలా ఒకే చోట ఉండిపోతాయి. ఉతికిన కొద్దీ అంటుకునే పట్టీలో దారపు పోగులు చేరి పట్టు తగ్గుతుంది. పట్టీని వారానికోసారి పాత టూత్ బ్రష్షుతో గీకితే కొంతకాలం ఎక్కువ వస్తుంది. జారిపోతుందన్న భయమున్నవాళ్ళు మామూలు పంచెనే కట్టుకుని పైన సన్నటి బెల్టు పెట్టుకోండి, చొక్కా ఎలాగూ కప్పేస్తుంది. జరీ అంచు సన్నగా, అర అంగుళం లోపు ఉన్నది అన్నిటికీ నడుస్తుంది. రెండంగుళాల జరీ పెళ్ళికొడుక్కీ పెళ్ళిపెద్దలకీ.

పంచె పైకి 29 అంగుళాల చొక్కా చక్కగా సరిపోతుంది. పుల్లలు తీసేసిన కాలరుతో తెల్ల చొక్కా వేయండి. విడిగా లాల్చీ లేకపోయినా లోటు తెలియదు.

ఇస్త్రీ, గంజి

బండి మీద బొగ్గుల పెట్టె ఇస్త్రీ కాటన్‌కి, లినెన్‌కి బ్రహ్మాండం. ఆ బరువు, ఆ వేడి ఇంట్లో కరెంటు పెట్టెకి రావు. టెర్రీ రేయాన్ ప్యాంటుకి మాత్రం అదే ప్రమాదం. వేడి తగ్గించే మీట ఉండదు కాబట్టి కూర్చునే చోట, జేబు అంచుల మీద దారం నలిగి అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు పోదు. ప్యాంటు ఇచ్చేటప్పుడు "తిరగేసి చెయ్యండి, గీత పెట్టేటప్పుడు పైన తడిగుడ్డ వెయ్యండి" అని చెప్పి ఇవ్వండి.

అన్నం వార్చిన గంజి కాటన్ చొక్కాకి ఇప్పటికీ మంచి మందు. ఒక గ్లాసు చిక్కటి గంజి వడగట్టి అయిదు గ్లాసుల నీళ్ళలో కలిపితే చొక్కాకి చాలు. పంచెకి మూడు గ్లాసుల నీళ్ళే కలపండి. వడగట్టకపోతే ముదురు రంగుల మీద తెల్లటి చారికలొస్తాయి. లినెన్‌కి గంజి పలచగా, లేదా అసలు వద్దు. లినెన్ దారానికి సాగే గుణం తక్కువ. గంజితో బిగిసిన గుడ్డని అదే గీత మీద మళ్ళీ మళ్ళీ మడిచి ఇస్త్రీ చేస్తే కాలరు మడత దగ్గర దారం తెగుతుంది. లినెన్ చొక్కాని మడవకుండా హ్యాంగర్‌కి తగిలించండి. వానాకాలంలో గంజి పెట్టిన బట్ట పూర్తిగా ఆరకుండా బీరువాలో పెడితే మూడో రోజుకి ముక్క వాసన వస్తుంది.

చంకల పసుపు మరకలకి చెమట ఒక్కటే కారణం కాదు. చెమట ఆపే స్టిక్కులు, రోలాన్లలోని అల్యూమినియం లవణం చెమటతో కలిసి గుడ్డలో చేరుతుంది. బ్లీచింగ్ వేస్తే ఆ పసుపు ఇంకా ముదురుతుంది. వెనిగర్ కలిపిన నీళ్ళలో అరగంట నానబెట్టి మామూలుగా ఉతకండి. తెల్ల చొక్కా కింద తెల్ల బనీను గీతలా కనిపిస్తుంది, లేత బూడిద రంగుది కనిపించదు. మెడ వి ఆకారంలో ఉంటే పై గుండీ విప్పినా బయటపడదు.

ఆఫీసు నుంచి తిన్నగా రిసెప్షన్‌కి

పది నిమిషాలు, ఒక చిన్న సంచి ఉంటే చాలు. సంచిలో మడిచిన కోటు, కాలరు పుల్లలు, పొడవాటి మేజోళ్ళు, తువ్వాలు, మరో బనీను. ముందు చొక్కా విప్పి మెడ, చంకలు తడి తువ్వాలుతో తుడుచుకుని బనీను మార్చండి. చాలామంది ఇదొక్కటే వదిలేస్తారు, తాజాదనం వచ్చేది మాత్రం దీనివల్లే. కాలరులో పుల్లలు పెట్టి చొక్కా వేసుకోండి. టక్ చేసేటప్పుడు రెండు పక్క కుట్లనీ వేళ్ళతో పట్టుకుని, మిగులు గుడ్డని వీపు వైపు చదునుగా మడిచి లోపలికి దోపండి. ముందు భాగం పలకలా ఉంటుంది, పొట్ట దగ్గర ఉబ్బదు. పొట్టి మేజోళ్ళు తీసి పొడవువి తొడగండి, కూర్చుంటే పిక్క కనిపించకూడదు. చివరగా కోటు.

తిరుగుదారి ఇంకా సులువు. కోటు, పుల్లలు తీసి, చొక్కా బయటికి వదిలి, పై గుండీ విప్పండి. చేతులు మడిచేటప్పుడు కఫ్ వెడల్పుతోనే రెండు మడతలు పెట్టి మోచేతి కింద ఆపండి. మోచేయి దాటితే పని మీదున్నట్టు ఉంటుంది.

బూట్లు ముదురు గోధుమ రంగు లోఫర్లు, రబ్బరు అడుగు. మన మండపాల్లో, ఇళ్ళల్లో గుమ్మం దగ్గర విప్పక తప్పదు, లేసులు కట్టుకుంటూ వంగి కూర్చోవడం ఎవరికీ అందం కాదు. తోలు అడుగు వానలో నానితే ఊడుతుంది. బెల్టు అదే రంగు.

ఎప్పుడు ఇవ్వాలి

ఇంత వివరంగా చెప్పి కుట్టించుకోవాలంటే మాస్టారికి తీరిక ఉండాలి. సంక్రాంతి ముందు నెల, మాఘం, వైశాఖం, శ్రావణంలో ఇస్తే చంక అర అంగుళం సంగతి వినే ఓపిక ఎవరికీ ఉండదు. కొలతల పుస్తకంలో పాత కొలతలే వేసి కోసేస్తారు. ఆషాఢంలో ఇవ్వండి. పెళ్ళిళ్ళు ఉండవు, బట్టల దుకాణాల్లో తగ్గింపులు నడుస్తుంటాయి, మాస్టారు కూర్చోబెట్టి కొలతలు తీసుకుంటారు. మొదట ఒక్క చొక్కా మాత్రమే కుట్టించండి. నాలుగు ఉతుకుల తర్వాత టేపు పెట్టి పొడవు, కాలరు కొలవండి. తేడా ఉంటే ఆ అంకెలు కొలతల పుస్తకంలో మీ పేజీ మీదే రాయించి, ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకోండి. మిగతా గుడ్డలు అప్పుడు ఇవ్వండి. ఒక్క జాగ్రత్త: ఆషాఢపు ముసురులో తడిపిన గుడ్డ ఒక పూటలో ఆరదు, ఫ్యాను కింద రెండు రోజులు పడుతుంది. సగం ఆరిన గుడ్డని కోయించొద్దు.